‘ఊనా ఫుర్తీవా లాగ్రిమా’: పిల్లలకు ఒక్కరి గొంతే వినిపించాలంటే ఎవరిది?

నల్లకుంట శ్రుతి:

అందరికీ నమస్కారం. నేను నల్లకుంటలో ఇంటి దగ్గరే కర్ణాటక గాత్రం నేర్పుతాను. ఈ వేసవి సెలవుల్లో వర్ణాల దాకా వచ్చిన పిల్లలను వారానికొకసారి కూర్చోబెట్టి, మనం పాడని సంగీతం ఏదో ఒకటి వినిపిస్తున్నాను. ధ్రుపదం అయింది, కవ్వాలీ అయింది. వచ్చే ఆదివారం ఒపెరా అని మాటిచ్చేశాను.

ఒపెరా అంటే గాజు పగిలేలా అరవడమని పిల్లల నమ్మకం. అది పోగొట్టాలని అరుపుతో పనిలేని పాట ఎంచుకున్నాను. ఇటలీవాడు డోనిజెట్టి కూర్చిన ‘లెలిజీర్ దామోరే’ (వలపు మందు) అనే ఒపెరాలో టెనార్, అంటే పై స్థాయి మగగొంతు గాయకుడు, ఒంటరిగా నిలబడి పాడే ‘ఊనా ఫుర్తీవా లాగ్రిమా’ (చాటుగా జారిన కన్నీటి చుక్క). రెండే చరణాలు, అయిదు నిమిషాలకు అటూ ఇటూ. గొంతు ఎంత పైకి పోతుందో చూపించుకునే అవకాశం అందులో పెద్దగా లేదు. ఉన్నదంతా నిదానమే.

చిక్కు ఎక్కడంటే, ఈ పాట పాడని టెనార్ లేడు. పవరోట్టి విన్నాను, బాగుంది. అసలు వినవలసింది కరూసో అని ఎక్కడ చూసినా రాసి ఉంటే కరూసో కూడా విన్నాను. ఉన్నమాట చెప్పాలంటే గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది. వెనక పియానో ఉందా లేదా అని వెతుక్కోవాలి. పాతవాళ్లను మెచ్చుకోకపోతే మర్యాద కాదని అందరూ మెచ్చుకుంటున్నారా, నా చెవికి అందనిది ఏదైనా ఉందా?

నాకున్న వసతి కూడా చెబుతాను. మేడమీది గది, చప్పుడు చేసే ఫ్యాను, శంకరమఠం వైపు నుంచి హారన్లు, అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు. వీడియో చూపించను. చూపిస్తే గడ్డాన్నీ కోటునూ చూస్తారు గానీ పాట వినరు. ఒక్కరి గొంతే వినిపించాలి. ఎవరిది?

మెట్టుగూడ గ్రామఫోను:

అమ్మా, కరూసో నచ్చలేదని రాసినందుకు ముందుగా అభినందనలు. చాలామంది నచ్చిందని రాసేసి, ఇంట్లో పవరోట్టినే పెట్టుకుంటారు.

నేను రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి. మెట్టుగూడలో మా పక్క క్వార్టరులో ఉండే ఆంగ్లో ఇండియన్ డ్రైవరుగారు కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, బరువు మోయలేక తన గ్రామఫోను రికార్డులన్నీ నాకు అప్పగించి వెళ్లారు. వాటిలో ఈ పాట జీలీ అనే పాతకాలం టెనార్ గొంతులో ఉంది. ఆ ప్లేటును వెలుతురుకు పట్టుకుని చూస్తే నల్లటి గాడుల మధ్య అక్కడక్కడ బూడిదరంగు చారలు కనిపిస్తాయి. గొంతు పెద్దదైన చోటల్లా ముల్లు బరువుకు గాడి అరిగిపోయి తెల్లబడుతుంది. అంటే ఈ టెనార్ ఎక్కడెక్కడ గట్టిగా పాడాడో వినకుండానే చెప్పవచ్చు. మా జీలీ ప్లేటుకు చారలు కాస్త ఎక్కువే.

పాటకు ముందు పిల్లలకు కథ చెప్పండి, లేకపోతే ఏ రికార్డింగు పెట్టినా వృథా. నెమొరీనో పల్లెటూరి కుర్రాడు, అమాయకుడు. అదీనా పొలాలూ చదువూ ఉన్న అమ్మాయి. ఊరికి వచ్చిన దుల్కమారా అనే మందులవాడు బోర్దో ద్రాక్షసారాయిని వలపు మందని చెప్పి కుర్రాడికి అంటగడతాడు. ఇంకో సీసా కొనడానికి డబ్బు లేక వీడు సిపాయిగా చేరతానని సంతకం పెడతాడు. ఈలోగా బంధువొకాయన చనిపోయి వీడికి ఆస్తి కలిసొచ్చిందన్న సంగతి ఊళ్లోని ఆడపిల్లలకు తెలుస్తుంది, వీడికి తెలియదు. అందరూ చుట్టూ మూగుతారు. అది చూసి అదీనా కంట నీరు తిరుగుతుంది. వీడు ఆ ఒక్క చుక్కా చూస్తాడు. మందు పనిచేసిందనుకుంటాడు. అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా నిలబడి పాడతాడు.

అప్పటిదాకా నవ్వులతో పరుగెత్తిన నాటకం అక్కడ ఆగిపోతుంది. మాటలు రాసిన ఫెలీచే రొమానీ ఈ పాట వద్దని, కథ నడక చెడుతుందని అభ్యంతరపెట్టాడనీ, డోనిజెట్టి పట్టుబట్టి పెట్టించాడనీ చెబుతారు. 1832 మే 12న మిలాన్‌లోని కనోబ్బియానా నాటకశాలలో మొదటిసారి ఆడారు. రొమానీ భయం అకారణం కాదు. పాడేవాడు తన గొంతు చూపించుకోవడం మొదలుపెడితే నాటకం నిజంగానే చచ్చిపోతుంది.

అందుకే నేను ఎవరి రికార్డింగు పెట్టినా రెండు చోట్ల చెవి పెడతాను. మొదటి చరణం చివర ‘ఆమె నన్ను ప్రేమిస్తోంది, చూస్తున్నాను’ అనే చోటు ఒకటి. రెండో చరణం చివర ‘ఇక చనిపోయినా సరే, ఇంతకంటే ఏమీ అడగను’ అనే చోటు మరొకటి. మొదటిదాన్ని ఊరందరికీ చాటినవాడికి రెండోదానికి ఏమీ మిగలదు. ఆ కుర్రాడు ఎవరికీ చెప్పడం లేదు. తనకు తాను చెప్పుకుని, నిజమా కాదా అని చూసుకుంటున్నాడు. (మొదటి చోట ‘నన్ను ప్రేమిస్తోంది’ అనే ఇటాలియన్ మాట ‘మామా’ అని వినపడి మీ పిల్లలు నవ్వుతారు. ముందే నవ్వించేసి పాట పెట్టండి.)

ఈ లెక్కన నా ఓటు తీతో స్కీపాకు. 1920ల చివర, ఎలక్ట్రిక్ మైకులు వచ్చాక పాడినది. గొంతు పెద్దది కాదు, పై స్వరాలు అంతంతమాత్రం. కానీ ప్రతి అక్షరం మీ ముందు కూర్చుని పలికినట్టే ఉంటుంది, ఎక్కడా గొంతు బిగదీయడు. ‘ప్రేమిస్తోంది’ అనే మాటను మొదటిసారి పలికినప్పుడు తనకే నమ్మకం లేనట్టు పలుకుతాడు. రెండోసారికి కాస్త ధైర్యం వస్తుంది. ఆ కొద్ది తేడాలోనే నాటకమంతా ఉంది.

జీలీది తేనె గొంతు, కాదనను. కానీ మధ్యమధ్య వెక్కుతాడు. ఏడవవలసింది అదీనా. ఆమె వంతు కూడా ఆయనే ఏడ్చేస్తే ఎలా? మా ఇంటావిడ ఈ పాటను ‘మీ ఏడుపు పాట’ అంటుంది, ఆ పాపం జీలీదే. 1955లో డెక్కా రికార్డు కంపెనీవాళ్లు గాయని హిల్డె గూడెన్‌తో కలిపి పూర్తి ఒపెరా రికార్డు చేసినప్పటి డి స్టెఫానో మంచి పోటీ. మనసులో ఉన్నది దాచుకోలేని కుర్రాడు ఆ గొంతులో ఉన్నాడు. 1966 నాటి నికొలాయ్ గెడ్డాలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, మళ్లీ పెట్టుకోవాలనిపించడానికీ ఏమీ లేదు. 1970లో పవరోట్టి గాయని సదర్లాండ్‌తో చేసినది గొంతుల పోటీ అయితే నిస్సందేహంగా మొదటిది. ముప్పై అయిదేళ్లు నిండని వయసు, ఎక్కడా మచ్చలేని ధ్వని. కానీ ఆ నెమొరీనోకు ఆదినుంచీ అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆస్తి వచ్చిన సంగతి కూడా.

కరూసో సంగతి. ఆయన దీన్ని ఒక్కసారి కాదు, 1902లో మిలాన్‌లో, 1904లో న్యూయార్క్‌లో, 1911లో ఆర్కెస్ట్రాతో రికార్డు చేశాడు. మీరు విన్నది పియానోతో అంటున్నారు కాబట్టి మొదటి రెండింటిలో ఒకటి. అవి మైకు లేని రోజులు. గోడలోంచి పొడుచుకొచ్చిన రేకు కొమ్ములోకి పాడితే ఆ గాలి తోపుడే సూదిని కదిపి మైనం మీద గీసేది. గొంతు పెంచినప్పుడు గాయకుడు వెనక్కి జరగాలి, తగ్గించినప్పుడు కొమ్ములోకి తల దూర్చాలి. అలాంటి యాతనలో కూడా 1904 నాటి కరూసో చివరి పాదంలో గొంతును నిండుగా ఎత్తి, తెంపకుండా సన్నం చేసుకుంటూ పోతాడు. 1911 నాటికి గొంతు చిక్కబడింది, గొప్పగా ఉంటుంది, కానీ కుర్రాడు పెద్దమనిషైపోయాడు. 1904దే వినండి. అయితే మొదటి వినికిడికి వద్దు, పిల్లలకు అసలే వద్దు. స్కీపా పెట్టండి.

కృష్ణానగర్ మిక్సింగు:

సినిమా పాటలకు సౌండు మిక్సింగు చేసే వృత్తి నాది. ఒపెరా నాకు పెద్దగా తెలియదు. కానీ ‘నూతిలోంచి’ అన్న మాట చూసి ఆగాను.

శ్రుతి గారూ, మీరు విన్న ప్రతిని పాత ప్లేటు నుంచి ఎవరు, ఎలా ఎక్కించారో చూసుకోండి. పాత రికార్డులను 78 (నిమిషానికి 78 చుట్లు) అంటాం గానీ ఆ రోజుల్లో వేగం సరిగ్గా 78 ఉండేది కాదు. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ఒకే కంపెనీలో ఏడాదికో తీరు. 78 దగ్గర తిప్పవలసినదాన్ని సుమారు 73న్నర దగ్గర తిప్పితే పాట ఒక స్వరస్థానం కిందికి దిగిపోతుంది. గొంతు బరువెక్కుతుంది, మనిషికి పదేళ్లు పెరుగుతాయి. ఎక్కువ వేగంలో తిప్పితే సన్నబడి ముక్కుతో పాడినట్టవుతుంది. కరూసో గొంతు బాగాలేదని చాలామంది అనుకునేది మోటారు తప్పే.

మీకు దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఈ పాట బి ఫ్లాట్ మైనర్‌లో ఉంది. మీ భాషలో ఆరున్నర శ్రుతి. తంబూరా యాప్ ఆరున్నరకు పెట్టి పక్కన పాట వేయండి. కలవకపోతే వేగం మార్చే యాప్‌లో కొద్దికొద్దిగా జరుపుతూ కలిసే దాకా చూడండి. (అప్పటి పియానోల శ్రుతి ఇప్పటికంటే వెంట్రుకవాసి తక్కువ ఉండవచ్చు. దానికి కంగారు పడకండి.)

రెండో సంగతి. గరగర తీసేశామని గొప్పలు చెప్పే ప్రతులను నమ్మకండి. గరగరతో పాటు హల్లులు కూడా పోతాయి, అచ్చులు మాత్రం మిగులుతాయి. మీరు నూతిలో విన్నది అదే అయి ఉంటుంది. వార్డ్ మార్‌స్టన్ ఎక్కించిన కరూసో సంపుటాలు వెతకండి. కాస్త చప్పుడు ఉంటుంది, మనిషి కూడా ఉంటాడు. 1976లో థామస్ స్టాకమ్ అనే ఇంజనీరు కంప్యూటర్‌తో కొమ్ము ధ్వని వల్ల వచ్చిన వికారాన్ని లెక్కకట్టి తీసేశాడు. నా వృత్తిలో అది చరిత్ర. వినడానికి మాత్రం నాకు పచ్చి ప్రతే ఇష్టం. 2000 ప్రాంతంలో పాత గొంతు కింద కొత్త ఆర్కెస్ట్రా అతికించి వదిలిన డిస్కు కూడా ఒకటి ఉంది. అది పొరపాటున కూడా పెట్టకండి.

మూడోది మీ స్పీకరు గురించి. అరచేతి స్పీకరులో కింది ధ్వనులు రావు. కొత్త స్టీరియో రికార్డింగు వేస్తే హార్పు మెరుస్తుంది, తీగలను మీటే చప్పుడు, బసూన్ అనే ఊదే వాద్యం కింది స్వరాలు సగం ఎగిరిపోతాయి. కొమ్ము రోజుల రికార్డుల్లో ఉన్నదే సుమారు 200 నుంచి 2,500 హెర్ట్జ్ దాకా. అది మీ స్పీకరుకు సరిపోతుంది, ఏమీ పోదు. ఆ గదిలో పాతవాళ్లదే పైచేయి.

కాచిగూడ ఒన్స్‌మోర్:

మెట్టుగూడ వారికి నమస్కారాలతో విభేదిస్తున్నాను. పవరోట్టిని ఒక్క వాక్యంలో ఆస్తిపరుణ్ణి చేసేశారు!

నేను పౌరాణిక నాటకాల పిచ్చివాణ్ణి. రవీంద్రభారతిలో చివరి వరుసలో కూర్చుని పద్యం విన్నవాణ్ణి. స్టేజీ మీద ‘తనలో తాను’ అనేది కూడా చివరి వరుసకు వినపడాలి, అదే నాటకం. పద్యం చివర రాగం తీస్తుంటే హాలంతా ‘ఒన్స్‌మోర్’ అని లేస్తుంది. చనిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడిన నాటకాలున్నాయి. అది నాటకాన్ని చంపడం అయితే మనవాళ్లు ఏనాడో చంపేశారు. ఒపెరావాళ్లూ అంతే. ఈ ఒపెరాలోనే 1988 ఫిబ్రవరి 24న బెర్లిన్‌లో పవరోట్టి నెమొరీనో పాడితే జనం గంటా ఏడు నిమిషాలు చప్పట్లు కొట్టి, 165 సార్లు తెర ముందుకు రప్పించారు. గిన్నిస్ పుస్తకంలో ఉంది. వియన్నాలో 2005లో విల్యాజోన్ అనే టెనార్ ఇదే పాట అక్కడికక్కడే రెండోసారి పాడాడు. అంతమంది ఊరికే లేవరు కదా?

పిల్లలకు మొదటిసారి ఒపెరా వినిపిస్తున్నారు. పలుకు స్పష్టత, నమ్మకం లేనితనం, కొద్ది తేడాలో నాటకం, ఇవన్నీ పదో వినికిడికి తెలిసేవి. మొదటి వినికిడికి గొంతు కావాలి. ‘మనిషి గొంతు ఇలా కూడా ఉంటుందా’ అనిపించాలి. 1970 పవరోట్టి పెట్టండి. స్పీకరు చిన్నదైతే పక్కింట్లో పెద్దది అడిగి తెచ్చుకోండి.

అలాన్యా అనే టెనార్ 1996లో పాడినది కూడా ఒకసారి వినండి. డోనిజెట్టి తర్వాత మార్చి రాసుకున్న రూపం అది. తెలిసిన పాటలో మెట్లు అక్కడక్కడ వేరే దారి పట్టడం తమాషాగా ఉంటుంది. పిల్లలకు కాదు, మీకు.

మెట్టుగూడ గ్రామఫోను:

కాచిగూడ వారూ, పద్యం పేరెత్తి నన్ను ఇరకాటంలో పెట్టారు. నేనూ ఒన్స్‌మోర్ అరిచినవాణ్ణే. కానీ మీరు మెచ్చుకునే నటుడు యుద్ధ పద్యం ఎలా పాడతాడో, భార్యతో ఏకాంతంలో పద్యం అలాగే పాడితే ఊరుకుంటారా? చివరి వరుసకు వినపడటం వేరు, చివరి వరుస కోసం పాడటం వేరు. పైగా మనం మాట్లాడుతున్నది రికార్డింగుల గురించి. మైకు ముందు చివరి వరుస లేదు.

చప్పట్ల లెక్కలంటారా? 1901 ఫిబ్రవరిలో టోస్కనీనీ ఆర్కెస్ట్రా నిర్వహణలో ఇదే ఒపెరాతో మిలాన్‌లోని పెద్ద ఒపెరాశాల లా స్కాలాను జయించిన కరూసో, అదే ఏడాది చివర సొంత ఊరు నేపుల్స్‌లో ఇదే నెమొరీనో పాడితే అక్కడివాళ్లు మొహం మాడ్చారు. ఇక ఈ ఊళ్లో పాడనని ఒట్టుపెట్టుకున్నాడంటారు. అదే పాట, అదే గొంతు. చప్పట్లను బట్టి ఏం తేల్చగలం?

ఇంకో సంగతి. 1920 డిసెంబరు 11న బ్రూక్లిన్‌లో ఇదే నెమొరీనో వేషంలో ఉండగా ఆయనకు నోట రక్తం పడింది. రుమాళ్లతో తుడుచుకుంటూ మొదటి అంకం ముగించాడు, ఆపైన ఆట ఆపేశారు. మన పాట రెండో అంకంలో ఉంటుంది. ఆ రాత్రి అక్కడిదాకా రాలేదు. మరుసటి ఆగస్టులో నేపుల్స్‌లోనే పోయాడు. నేను 1904 ప్లేటునే పట్టుకుని వేలాడటానికి ఇదీ ఒక కారణమేమో. అది విమర్శ కాదు, అభిమానం. ఒప్పుకుంటాను.

మిక్సింగు గారికి నచ్చే ముక్క ఒకటి. కరూసోను 1902లో మిలాన్ హోటల్ గదిలో మొదట రికార్డు చేసిన ఫ్రెడ్ గైస్‌బర్గ్, అదే ఏడాది నవంబరులో కోల్‌కతాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్‌ను రికార్డు చేశాడు. అదే మనిషి, అలాంటి కొమ్మే. శ్రుతి గారూ, ఆ రెండూ పక్కపక్కన పెట్టి వినండి. మన సంగీతం రికార్డుకెక్కిన మొదటి రోజుల గరగర మన చెవికి అలవాటే కదా. గౌహర్ జాన్‌ను నూతిలో ఉందని అనం.

నల్లకుంట శ్రుతి:

ఆదివారం అయిపోయింది. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

స్కీపానే పెట్టాను. ముందుగా కథ చెప్పి, ‘మామా’ దగ్గర నవ్వించేశాను. అయినా పాటలో ఆ చోటు వచ్చేసరికి మళ్లీ నవ్వారు. పాట రెండోసారి పెట్టినప్పుడు నవ్వలేదు. మృదంగం కూడా నేర్చుకునే కుర్రాడొకడు మొదటినుంచీ వేళ్లతో లెక్క వేస్తున్నాడు. ఆరేసి చొప్పున బాగానే పోయింది. చివర ఆర్కెస్ట్రా ఆగిపోయి గాయకుడు ఒక్కడే తోచినట్టు సంగతులు వేసుకునే చోట వేళ్లు గాలిలో ఉండిపోయాయి. ‘తాళం తప్పాడు టీచర్’ అన్నాడు. తప్పలేదురా, అందరూ ఆయన కోసం ఆగారు అన్నాను. ‘మృదంగం కూడా ఆగిందా?’ అని వాడికి నమ్మకం కుదరలేదు.

మిక్సింగు గారి తంబూరా చిట్కా మాత్రం నా క్లాసునే మార్చేసింది. వేగం సరిచూడటానికని ఆరున్నరకు పెట్టాను, తీయడం మరిచిపోయి పాటంతా అలాగే విన్నాను. పాట మొదలు కీరవాణి రాగం ఛాయ, కాకలి నిషాదం స్పష్టంగా తగులుతుంది. మొదటి చరణం చివర, మెట్టుగూడ వారు చెప్పిన మొదటి చోట, నిషాదం దిగి నటభైరవి వైపు వాలి, అక్కడి గాంధారమే కొత్త షడ్జమై కూర్చుంటుంది. అంటే ఒకటిన్నర శ్రుతిలో శంకరాభరణం. చక్కని గ్రహభేదం, అంటే షడ్జం చోటు మార్చి రాగం మార్చడం! తంబూరా షడ్జం అక్కడ ధైవతంగా, పంచమం గాంధారంగా మోగుతున్నాయి. ఆనందం వచ్చింది గానీ కాళ్ల కింద నేల తనది కాదు. రెండో చరణం మళ్లీ కీరవాణిలోనే ఎత్తుకుంటాడు. ఈసారి చివరికి షడ్జం కదలదు. గాంధార ధైవతాలు రెండూ పైకి జరుగుతాయి, అంతే. అదే ఆరున్నరలో శంకరాభరణం. తంబూరా, పాట ఒకే చోట నిలుస్తాయి.

ఇది పిల్లలతో పాడించాను. ఇటాలియన్ మాటలు కాదు, ఉత్త స్వరాలే. కీరవాణి ఆరోహణ, వెంటనే శంకరాభరణం, మళ్లీ కీరవాణి. గాంధారం మార్చడం అందరికీ వచ్చింది, ధైవతం దగ్గర తడబడ్డారు. గంట ఎలా గడిచిందో తెలియలేదు.

ఒపెరాలో చోటు మారే ఆనందానికి, చోటు మారని ఆనందానికి ఇలా రెండు స్వరవ్యవస్థలు వాడాడంటే డోనిజెట్టి మీద గౌరవం పెరిగింది. ఇది తెలిశాక మెట్టుగూడ వారి మాటే సరి అనిపిస్తోంది. మొదటి చోట పూర్తిగా గొంతు విప్పితే రెండోచోటికి అర్థం లేదు. స్కీపా ఆ తేడా పాటించాడు. కాచిగూడ వారు కోప్పడకూడదు, పవరోట్టి కూడా రెండో చోట గొప్పగానే ఉన్నాడు. మొదటి చోటే తొందరపడ్డాడు.

ఇక కరూసో. గరగర ఉన్న ప్రతి వెతికి, వేగం కొద్దిగా పెంచి శ్రుతికి కలిపాను. మనిషి నూతిలోంచి గట్టుమీదికి వచ్చాడు. ప్రేమలో పడ్డానని చెప్పను. గొంతు సన్నం చేస్తూ పోయే ఆ చివరి పాదాన్ని మాత్రం వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. మా గురువుగారు తారస్థాయిలో ‘వదలకుండా తగ్గించు’ అని ఏళ్ల తరబడి పోరింది దీనికోసమే. ఆ ఒక్క పాదాన్నే పెద్ద పిల్లలకు ఇంకోరోజు వినిపిస్తాను.

వచ్చేవారానికి ఆడగొంతు కావాలంటున్నారు. అరుపు లేనిదే, నిదానమైనదే. ఏది పెట్టమంటారు?

కాచిగూడ ఒన్స్‌మోర్:

కోపం లేదండీ. ఓడిపోలేదు కూడా. పక్కింటి స్పీకరు తేలేదు కాబట్టి పోటీయే జరగలేదు.

ఆడగొంతు అంటే ‘నోర్మా’లో ‘కాస్తా దీవా’. బెల్లీని సంగీతం. 1831 డిసెంబరు 26న లా స్కాలాలో మొదలైంది, అంటే మన పాటకు కొద్ది నెలల ముందు. మాటలు ఈ రొమానీవే. పూజారిణి చంద్రుణ్ణి ప్రార్థిస్తూ పాడుతుంది, వెనక బృందం ఉంటుంది. నిదానం కావాలంటే అంతకంటే నిదానం దొరకదు.

మెట్టుగూడ గ్రామఫోను:

‘కాస్తా దీవా’కు నా మద్దతు కూడా. మొదటిసారి మేమిద్దరం ఒకే మాట అంటున్నాం, రాసిపెట్టుకోండి. ఎవరి రికార్డింగు అనేది మాత్రం ఇక్కడ అడగకండి, వేరే ప్రశ్నగా పెట్టండి. మరియా కల్లాస్ అనే గాయని పాడినవాటిలో ఎప్పటిది అన్న దగ్గరే కాచిగూడ వారికీ నాకూ చెడుతుంది.